డబ్బా పరీక్షా? గొట్టం పరీక్షా?

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లలో నలభై అయిదు దాటినవారికి ఏటా చేయించుకునే హెల్త్ చెకప్‌లో ఈమధ్య ఒక కొత్త ప్రశ్న ఎదురవుతోంది. బీపీ చూసి, షుగరుకీ కొలెస్ట్రాల్‌కీ రక్తపరీక్షలు రాసిచ్చాక డాక్టరు అడుగుతారు: "పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష ఏది చేయించుకుంటారు? ఇంటికి డబ్బా పంపించమంటారా, కొలనోస్కోపీకి రాయమంటారా?" ఈ పరీక్ష మొదలుపెట్టాల్సిన వయసును 2018లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ, 2021లో అక్కడి ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 50 నుంచి 45కి దించాయి. యాభై లోపువారిలో ఈ జబ్బు పెరుగుతుండటమే కారణం. 2000 సంవత్సరం అటూఇటూగా విమానమెక్కిన సాఫ్ట్‌వేర్ తరం సరిగ్గా ఇప్పుడు ఈ వయసులో ఉంది.

ప్రశ్న చిన్నదే కానీ జవాబు దగ్గర వాట్సాప్ గ్రూపులు రెండుగా చీలిపోతాయి. "చేయిస్తే కొలనోస్కోపీయే చేయించు, మిగతావన్నీ టైమ్ వేస్ట్" అనేది ఒక పక్షం. "ఏ బాధా లేని మనిషికి మత్తిచ్చి గొట్టం దూర్చడం ఏమిటి, డబ్బాలో పంపే మోషన్ టెస్టు చాలు" అనేది రెండో పక్షం. రెండువైపులా న్యాయం ఉంది. అది ఎంతవరకు అన్నది చూడాలంటే ముందు ఈ జబ్బు నడక తెలియాలి.

పెద్దపేగు లోపలి పొరమీద పాలిప్‌లు అనే చిన్న చిన్న పిలకలు పుడతాయి. చాలావాటితో ఎప్పటికీ ఏ హానీ ఉండదు. కొన్ని మాత్రం నెమ్మదిగా పెరిగి, పదేళ్లు అటూఇటూగా గడిచాక క్యాన్సర్‌గా మారతాయి. ఇన్నేళ్ల వ్యవధి దొరకడమే ఈ జబ్బులో మనకున్న పెద్ద వెసులుబాటు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను పక్కనపెడితే, క్యాన్సర్ కాకముందే దాని మూలాన్ని పట్టుకుని తీసేసే అవకాశం ఇంత స్పష్టంగా ఉన్న క్యాన్సర్లు అరుదు. కాబట్టి ఇక్కడ పరీక్ష చేయాల్సిన పనులు రెండు. మొదటిది, అప్పటికే పుట్టిన క్యాన్సర్‌ను ముదరకముందే పట్టుకోవడం. రెండోది, పాలిప్ దశలోనే తుంచేసి అసలు క్యాన్సరే రాకుండా చూడటం. కొలనోస్కోపీ రెండూ చేస్తుంది. మల పరీక్ష మొదటిది బాగా చేస్తుంది, రెండోది అంతంతమాత్రంగా చేస్తుంది. వాదనంతా ఇక్కడి నుంచే పుట్టింది.

కొలనోస్కోపీ పక్షాన నిలబడటం తేలిక. 1969లో న్యూయార్క్‌లో విలియం వోల్ఫ్, హిరోమి షిన్యా అనే ఇద్దరు సర్జన్లు ఆ గొట్టం గుండానే తీగ ఉచ్చు పంపి పాలిప్‌ను కోసి తీశారు. అంతకుముందు పేగు పైభాగంలో పాలిప్ తీయాలంటే పొట్ట కోయాల్సిందే. చూడటం, తీయడం, ల్యాబుకు పంపడం ఒక్క మత్తులోనే అయిపోవడం చిన్న సంగతి కాదు. ఏమీ కనిపించకపోతే మళ్లీ పదేళ్ల దాకా ఆ ఊసే ఎత్తక్కర్లేదు. 2000 మార్చిలో టీవీ యాంకర్ కేటీ కూరిక్, తన భర్తను ఇదే జబ్బుకు పోగొట్టుకున్న రెండేళ్లకు, తన కొలనోస్కోపీని దేశమంతటికీ టీవీలో చూపించింది. ఆ తర్వాత పరీక్షకు వచ్చేవాళ్లు పెరిగారు. 2001 నుంచి వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ కూడా మామూలు రిస్క్ ఉన్నవారి కొలనోస్కోపీకి డబ్బు కట్టడం మొదలుపెట్టింది. అలా అమెరికాలో పేగు పరీక్ష అంటే కొలనోస్కోపీయే అన్న అలవాటు స్థిరపడింది.

చిక్కల్లా ఏమిటంటే, కొలనోస్కోపీ స్క్రీనింగ్ మరణాలను ఎంత తగ్గిస్తుందో లాటరీ పద్ధతిలో జనాన్ని రెండు గుంపులుగా విడదీసి తేల్చిన పెద్ద అధ్యయనం అప్పటికి ఒక్కటీ లేదు. కళ్లతో చూసి తీసేస్తున్నప్పుడు వేరే రుజువెందుకు అనుకున్నారు. ఆ రుజువు కోసం 2022 అక్టోబరు దాకా ఆగాల్సి వచ్చింది. వచ్చినప్పుడు చాలామందికి అది మింగుడుపడలేదు.

ఆ అధ్యయనం పేరు నార్డిక్. పోలండ్, నార్వే, స్వీడన్‌లలో 55 నుంచి 64 ఏళ్ల మధ్య ఉన్న 84,585 మందిని లెక్కలోకి తీసుకున్నారు. అందులో 28,220 మందికి కొలనోస్కోపీకి రమ్మని పిలుపు పంపారు. మిగతావాళ్ల జోలికి పోలేదు. పదేళ్ల తర్వాత చూస్తే పిలిచిన గుంపులో పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవారు నూటికి 0.98, పిలవని గుంపులో 1.20. అంటే తగ్గుదల 18 శాతం. ఒక్క క్యాన్సర్‌ను ఆపడానికి 455 మందిని పిలవాలన్నమాట. మరణాలు పిలిచిన గుంపులో 0.28, పిలవని గుంపులో 0.31. అంత చిన్న తేడా కేవలం యాదృచ్ఛికం కూడా కావచ్చు. కొలనోస్కోపీ పనిచేయదన్నట్టుగా పత్రికల్లో శీర్షికలొచ్చాయి.

అంత మాట అనడం తొందరపాటే. పిలుపు అందుకున్నవారిలో వచ్చి పరీక్ష చేయించుకున్నది 42 శాతమే. రానివాళ్ల క్యాన్సర్లు కూడా పిలిచిన గుంపు ఖాతాలోనే పడతాయి. వచ్చినవారి వరకు విడిగా సర్దుబాటు లెక్క వేస్తే క్యాన్సర్ 31 శాతం, మరణాలు 50 శాతం దాకా తగ్గాయని అధ్యయనం చేసినవారే చెప్పారు. అయితే ఈ రెండో లెక్క లాటరీ అంత నిష్పక్షపాతమైనది కాదు. పిలవగానే వచ్చేవాళ్లు మామూలుగానే ఆరోగ్యంమీద శ్రద్ధ ఉన్నవాళ్లు. పైగా పాలిప్ క్యాన్సరయ్యేందుకే పదేళ్లు పడుతుంటే, పాలిప్ తీసిన లాభం మరణాల లెక్కలో పూర్తిగా కనిపించడానికి పదేళ్ల గడువు చాలదు. నా మట్టుకు నాకు నార్డిక్ చెప్పింది ఇది: కొలనోస్కోపీ మంచిదే, కానీ పాతికేళ్లుగా చెప్పుకుంటూ వచ్చినంత అద్భుతం కాదు, జనం రాకపోతే ఆ మంచి కూడా సగమైపోతుంది.

ఇక డబ్బా పక్షం. దీని వెనకున్న రుజువు పాతది, కొలనోస్కోపీకి దొరికిన రుజువు కంటే ముందుది. మినెసోటాలో 46 వేలమందికి పైగా జనంమీద ఏళ్ల తరబడి జరిగిన అధ్యయనం 1993లో అచ్చయింది. మలంలో కంటికి కనిపించని రక్తం ఉందేమో ఏటా చూస్తే పెద్దపేగు క్యాన్సర్ మరణాలు 33 శాతం తగ్గాయని అందులో తేలింది. అధ్యయనం మొదలైన ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ లెక్క చూసినా ఆ లాభం చెక్కుచెదరలేదు. అప్పటి పరీక్ష మొరటుది. మాంసం తింటే, ముల్లంగి తింటే తప్పుగా పాజిటివ్ వచ్చేది. విటమిన్ సి మాత్రలు వేసుకుంటే ఉన్న రక్తం కూడా దొరికేది కాదు. ఇప్పుడు వాడుతున్న ఫిట్ అనే పరీక్ష మనిషి హిమోగ్లోబిన్‌ను మాత్రమే యాంటీబాడీతో పట్టుకుంటుంది. ముందురోజు మటన్ తిన్నా, పప్పన్నం తిన్నా దానికి పట్టదు. జపాన్ 1992లోనే నలభై దాటినవారందరికీ దేశవ్యాప్తంగా దీన్ని మొదలుపెట్టింది. నెదర్లాండ్స్ 2014లో, ఇంగ్లాండ్ 2019లో ఇదే దారి పట్టాయి. అమెరికా బయట ప్రభుత్వం నడిపే కార్యక్రమాలు చాలావరకు ఫిట్ మీదే నడుస్తున్నాయి. ఖర్చు తక్కువనే ఎంచుకున్నారన్న అనుమానం కొంత నిజమే కానీ, మొత్తం కారణం అది కాదు.

డబ్బాలో గాడులున్న ఒక చిన్న పుల్ల, కొంచెం ద్రవం ఉన్న సీసా ఉంటాయి. మలాన్ని నాలుగైదు చోట్ల ఆ పుల్లతో గుచ్చి సీసాలో పెట్టి మూతపెట్టి పంపాలి. అసహ్యమనిపిస్తుంది, నిజమే. షుగర్ కోసం రోజూ వేలు గుచ్చుకునేవాళ్లు కూడా దీని దగ్గర ముఖం చిట్లిస్తారు. కొన్ని ఇళ్లలో ఆ డబ్బా బాత్రూమ్ అలమరలో అలాగే పడి ఉంటుంది.

ఈ పరీక్ష ఎంత పట్టుకుంటుంది, ఎంత వదిలేస్తుంది? 2014లో అచ్చయిన ఒక అధ్యయనంలో దాదాపు పదివేల మందికి మొదట మల పరీక్షలు చేసి, ఫలితం ఏదైనా సరే అందరికీ కొలనోస్కోపీ చేశారు. కాబట్టి వదిలేసినవి కూడా లెక్కకొచ్చాయి. మొత్తం 65 మందిలో క్యాన్సర్ ఉండగా ఫిట్ 48 మందిని పట్టుకుంది. అంటే నాలుగింట మూడొంతులకు ఒక పిసరు తక్కువ. ఇక ముదిరిన పాలిప్‌లు 757 మందిలో ఉంటే ఫిట్ పట్టుకున్నది 180 మందినే, పావువంతు కూడా కాదు. రక్తం కారని పాలిప్ ఫిట్‌కు కనపడదు. పేగు కుడివైపున చదునుగా అంటుకుని ఉండే రకం పాలిప్‌లయితే మరీను.

ఇక్కడే కొలనోస్కోపీ పక్షంవాళ్లు "చూశారా" అంటారు. కానీ ఫిట్ ఒక్కసారి చేసి వదిలేసే పరీక్ష కాదు. అది ఏడాదికోసారి పట్టే జల్లెడ. ఈ ఏడు జారిపోయిన పాలిప్ వచ్చే ఏడు ఇంకాస్త పెద్దదై రక్తం కారిస్తే అప్పుడు దొరుకుతుంది. పాలిప్ క్యాన్సరయ్యేందుకు ఏళ్లు పట్టడం ఇక్కడ ఫిట్‌కు కలిసొస్తుంది. ఒక్కసారి చేసిన ఫిట్‌ను ఒక్కసారి చేసిన కొలనోస్కోపీ పక్కన పెట్టి చూడటం న్యాయం కాదు. పదేళ్ల పాటు ఏటా చేసిన ఫిట్‌ను, ఆ పదేళ్లలో ఒకసారి చేసిన కొలనోస్కోపీని పక్కపక్కన పెట్టాలి.

స్పెయిన్‌లో దాదాపు అదే చేశారు. 50 నుంచి 69 ఏళ్ల మధ్యవారిని రెండు గుంపులు చేసి, ఒక గుంపును ఒకసారి కొలనోస్కోపీకి, రెండో గుంపును రెండేళ్లకోసారి ఫిట్‌కు పిలిచారు. కొలనోస్కోపీకి వచ్చినవారు 31.8 శాతం, ఫిట్‌కు వచ్చినవారు 39.9 శాతం. పదేళ్లలో పెద్దపేగు క్యాన్సర్‌తో చనిపోయినవారు ఒక గుంపులో నూటికి 0.22, రెండో గుంపులో 0.24. 2025లో వచ్చిన ఈ ఫలితం ప్రకారం మరణాలను ఆపడంలో ఫిట్ కార్యక్రమం కొలనోస్కోపీ కార్యక్రమానికి తీసిపోలేదు. ఎక్కువ పాలిప్‌లను కొలనోస్కోపీయే పట్టుకుంది, అందులో వివాదం లేదు. కానీ ఎక్కువమంది ఫిట్ చేయించుకున్నారు. ఒకటి పరీక్ష బలం, మరొకటి జనం బలం. అమెరికాలో మాజీ సైనికులమీద, ఏటా ఫిట్‌కూ ఒక కొలనోస్కోపీకీ మధ్య జరుగుతున్న ఇంకా పెద్ద పోటీ ఫలితాలు రావాల్సి ఉంది.

అమెరికాలోనే ఇంకో ఉదాహరణ ఉంది. ఉత్తర కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటే ఆరోగ్య సంస్థ తన సభ్యులకు ఫిట్ డబ్బాలను ఏటా తపాలాలో ఇంటికే పంపడం మొదలుపెట్టింది. పంపనివారికి గుర్తుచేసింది, పాజిటివ్ వచ్చినవారిని కొలనోస్కోపీకి లాక్కొచ్చింది. పరీక్ష సకాలంలో చేయించుకున్న సభ్యులు 2000లో 39 శాతం ఉంటే 2015కల్లా 83 శాతం అయ్యారు. ఆ పదిహేనేళ్లలో అక్కడ పెద్దపేగు క్యాన్సర్ మరణాలు సగానికి తగ్గాయి. చికిత్స మెరుగుపడటం వల్ల కూడా కొంత తగ్గి ఉంటుంది. అయినా బే ఏరియాలో కైజర్ కార్డున్న తెలుగువాళ్లు తమకొచ్చిన ఆ డబ్బాను చౌకబారు పరీక్షగా చూసేముందు ఈ లెక్క చూడాలి.

డబ్బా పక్షంవాళ్లు తప్పించుకోలేని ప్రశ్న ఒకటుంది. పాజిటివ్ వస్తే? అప్పుడు కొలనోస్కోపీ తప్పదు. మళ్లీ ఇంకోసారి ఫిట్ చేసి నెగెటివ్ వచ్చిందని ఊరుకోవడానికి వీల్లేదు. "మొలల వల్ల వచ్చుంటుంది" అని సర్దిచెప్పుకోవడం ఇంకా ప్రమాదం. ఫిట్ పాజిటివ్ వచ్చాక పది నెలలకు మించి ఆలస్యం చేసినవారిలో క్యాన్సర్, అందులోనూ ముదిరిన క్యాన్సర్, ఎక్కువగా కనిపించాయని 2017లో ఒక పెద్ద పరిశీలన చెప్పింది. కాబట్టి "నేను కొలనోస్కోపీ ఎట్టి పరిస్థితుల్లోనూ చేయించుకోను, అందుకే ఫిట్" అనేవారికి ఫిట్ కూడా పనికిరాదు. పాజిటివ్ వస్తే వెళతానని ముందే ఒప్పుకున్నవారికే అది పరీక్ష. 2014 నాటి ఆ అధ్యయనంలో నూటికి ఏడుగురికి ఫిట్ పాజిటివ్ వచ్చింది. మిగతా తొంభై ముగ్గురికి గొట్టం తప్పింది. ఫిట్ చేసే మేలు ఆ తొంభై ముగ్గురి సంగతి.

పాజిటివ్ అన్నది కూడా ప్రకృతి గీసిన గీత కాదు. అమెరికాలో సాధారణంగా ఒక గ్రాము మలంలో 20 మైక్రోగ్రాముల హిమోగ్లోబిన్ దాటితే పాజిటివ్. నెదర్లాండ్స్ 2014లో 15 దగ్గర మొదలుపెట్టింది. అనుకున్నదానికంటే ఎక్కువమందికి పాజిటివ్ రావడంతో కొలనోస్కోపీ చేసే చేతులు చాలక కొద్ది నెలల్లోనే 47కు పెంచింది. ఇంగ్లాండ్ 120తో మొదలుపెట్టింది. అంటే ఒకే మనిషి, ఒకే నమూనా, న్యూజెర్సీలో "వెంటనే రండి", లండన్‌లో "రెండేళ్ల తర్వాత కలుద్దాం". ఇందులో మోసమేమీ లేదు, ఎవరి దగ్గర ఎంతమంది డాక్టర్లున్నారో అంత గీత. కానీ ఇంగ్లాండ్‌లో నెగెటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉన్నవారికి ఈ సంగతి తెలిసి ఉండాలి.

కొలనోస్కోపీకి కూడా చేసే చేతిమీద ఆధారపడ్డ బలహీనత ఉంది. గొట్టం ఒకటే అయినా చూసే కళ్లు ఒకటి కావు. పరీక్షించిన నూరుమందిలో ఎందరిలో అడినోమా అనే రకం పాలిప్ కనుక్కుంటారన్న దాన్నిబట్టి డాక్టరు నైపుణ్యాన్ని కొలుస్తారు. ఆ రేటు ఒక శాతం పెరిగితే, తర్వాత ఆ రోగికి క్యాన్సర్ వచ్చే అవకాశం మూడు శాతం తగ్గుతుందని 2014లో కాలిఫోర్నియాలో తేలింది. అమెరికాలో ఒకప్పుడు 25 శాతం ఉంటే చాలనేవారు, 2024లో 35కు పెంచారు. నార్డిక్‌లో పాల్గొన్న కొందరు డాక్టర్లు ఆ పాత 25ను కూడా అందుకోలేదు. "మీ అడినోమా డిటెక్షన్ రేటు ఎంతండీ?" అని అపాయింట్‌మెంట్‌కు ముందు అడగడం మర్యాద తప్పినట్టేమీ కాదు. కారు కొనేముందు మైలేజీ నాలుగుచోట్ల అడిగే మనం దీన్ని ఎందుకు అడగమో నాకర్థం కాదు.

ప్రమాదాల లెక్క చూస్తే, స్క్రీనింగ్ కొలనోస్కోపీలో పదివేల మందిలో సుమారు ముగ్గురికి పేగుకు రంధ్రం పడుతుంది, సుమారు పదిహేనుమందికి పెద్ద రక్తస్రావం అవుతుంది. వయసు పెరిగేకొద్దీ రెండూ పెరుగుతాయి. చిన్న అంకెలే. కానీ జబ్బు లేని మనిషికి చేస్తున్న పరీక్ష కాబట్టి చిన్న అంకెలనూ తూకంలో వేయాలి. డెబ్బై అయిదు దాటిన అమ్మానాన్నలు అమెరికా వచ్చినప్పుడు "పనిలో పనిగా" కొలనోస్కోపీ చేయించే కొడుకులూ కూతుళ్లూ ఇది చదవాలి. 75 దాటాక ఎవరికి చేయాలో ఒక్కొక్కరి ఆరోగ్యాన్నిబట్టి డాక్టరు నిర్ణయించాలి, 85 దాటాక వద్దే వద్దన్నది అక్కడి సిఫారసు. విజిటర్ ఇన్సూరెన్సులు సాధారణంగా ఇలాంటి ముందస్తు పరీక్షలకు డబ్బివ్వవన్నది వేరే సంగతి.

అధ్యయనాల అంకెల్లో కనిపించనిది ఒకటుంది: పరీక్ష ముందురోజు. రెండుమూడు రోజుల ముందు నుంచే గింజలు, ఆకుకూరలు, పొట్టుపప్పులు మానాలి. ముందురోజు అన్నం బంద్. తేటగా ఉన్న ద్రవాలే తాగాలి, ఎరుపు రంగువి తాగకూడదు. సాయంత్రం సగం, పరీక్షకు కొన్ని గంటల ముందు తెల్లవారుజామున మిగతా సగం మందునీళ్లు తాగి, లోపలిదంతా నీళ్లలా తేటబడేదాకా బాత్రూమ్‌కు తిరగాలి. సగం శుభ్రమైన పేగులో చూసిన కొలనోస్కోపీ చూడనట్టే. మళ్లీ చేయాల్సి వస్తుంది. షుగర్ మాత్రలు, ఇన్సులిన్, రక్తాన్ని పల్చబరిచే మందులు వాడేవారు మోతాదులు మార్చుకోవాలి. మనవాళ్లలో షుగర్ లేని ఇల్లెక్కడుంది? మత్తిచ్చారు కాబట్టి ఆ రోజు కారు నడపకూడదు, ఇంటికి తీసుకెళ్లే మనిషి కావాలి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తూ, పిల్లలను స్కూల్లో దింపి తెచ్చుకునే ఇంట్లో ఇది ఇద్దరి సెలవు. ఈ పరీక్షకు రానివాళ్లందరూ భయస్తులు కాదు. చాలామందికి ఆ రోజు దొరకదు, అంతే.

డబ్బు సంగతి అమెరికాలో కొంత తేలికైంది. సిఫారసు చేసిన స్క్రీనింగ్‌లకు ఉద్యోగపు ఇన్సూరెన్సులు చాలావరకు కోపే లేకుండానే కడతాయి. ఒకప్పుడు ఫిట్ పాజిటివ్ వచ్చాక చేసే కొలనోస్కోపీని "రోగ నిర్ధారణ" కింద లెక్కకట్టి బిల్లు చేతికిచ్చేవారు. 2022 మే 31 నుంచి మొదలయ్యే ప్లాన్లలో అదీ స్క్రీనింగ్‌లో భాగమే అయింది. ఆ భయంతో ఫిట్ వద్దనుకున్నవాళ్లు ఇప్పుడు మనసు మార్చుకోవచ్చు.

మిగతా పరీక్షల గురించి క్లుప్తంగా. కొలోగార్డ్ అనే డబ్బా ఫిట్‌తోపాటు మలంలోని డీఎన్‌ఏను కూడా చూస్తుంది. పైన చెప్పిన 2014 నాటి అధ్యయనం నిజానికి దీనికోసమే చేసింది. అందులో కొలోగార్డ్ 65 క్యాన్సర్లలో 60ని పట్టుకుంది, ఫిట్ కంటే బాగా మెరుగు. కానీ క్యాన్సర్‌గానీ ముదిరిన పాలిప్‌గానీ లేనివారిలో కూడా నూటికి 13 మందికి పాజిటివ్ వచ్చింది. ఫిట్‌లో అలా వచ్చినవారు అయిదుగురే. రక్తంతో చేసే షీల్డ్ పరీక్షకు 2024 జులైలో అమెరికా అనుమతి వచ్చింది. చేయి చాస్తే చాలు కాబట్టి జనం ఇష్టపడతారు. క్యాన్సర్లలో 83 శాతాన్ని పట్టుకుంటుంది గానీ ముదిరిన పాలిప్‌లలో 13 శాతాన్నే. పాలిప్ దశలో తుంచే పని దాదాపు చేయదు కాబట్టి, మిగతావేవీ చేయించుకోనివారికి ఏమీ లేనిదానికంటే నయం అన్నమాటే దానికి సరిపోతుంది. సీటీ స్కాన్‌తో పేగు చూసే పద్ధతిలో మత్తు తప్పుతుంది గానీ పేగు శుభ్రం చేసుకోవడం తప్పదు. ఎడమవైపు పేగును మాత్రమే చూసే సిగ్మాయిడోస్కోపీ సంగతి విచిత్రం. లక్షా డెబ్బైవేల మందితో బ్రిటన్‌లో జరిగిన అధ్యయనంలో ఒక్కసారి చేసిన ఆ పరీక్షే మరణాలను 31 శాతం తగ్గించింది. లాటరీ అధ్యయనాల్లో అంత గట్టి రుజువున్న పరీక్షను ఇంగ్లాండ్ 2021లో జాతీయ కార్యక్రమం నుంచి తీసేసి ఫిట్ వైపు వెళ్లింది.

ఈ తూకమంతా మామూలు రిస్క్ ఉన్నవారికే. అమ్మకో, నాన్నకో, అన్నదమ్ములకో, అక్కచెల్లెళ్లకో అరవై ఏళ్లలోపు పెద్దపేగు క్యాన్సర్ వచ్చివుంటే ఎంపిక లేదు, కొలనోస్కోపీయే. నలభై ఏళ్లకు, లేదా వాళ్లకు జబ్బు బయటపడ్డ వయసుకు పదేళ్ల ముందు, రెండింటిలో ఏది ముందయితే అప్పుడు మొదలుపెట్టి అయిదేళ్లకోసారి చేయించుకోవాలి. ఈ క్యాన్సర్ వంశపారంపర్యంగా వచ్చే లించ్ సిండ్రోమ్ ఉన్న కుటుంబాల్లో ఇరవైల్లోనే మొదలవుతుంది. ఇక్కడ మన ఇళ్లలోని ఒక అలవాటు ప్రాణాలమీదకు తెస్తుంది. ఇంట్లో క్యాన్సర్ మాట పైకి చెప్పం. తాతయ్య "కడుపులో పుండు"తో పోయారంటాం, మేనత్త "పేగు కుళ్లి" పోయిందంటాం. సంబంధాలు చూసేటప్పుడు అయితే మరీ గుట్టు. డాక్టరు "ఫ్యామిలీ హిస్టరీ ఏమైనా ఉందా?" అని అడిగితే అబద్ధమని తెలియకుండానే లేదని చెబుతాడు మనవడు.

ఇక ఆంధ్ర, తెలంగాణల్లో? ఇక్కడ నేను అమెరికా సిఫారసును తెచ్చి అతికించను. మన దేశంలో ఈ జబ్బు రేటు అమెరికా, యూరప్, జపాన్‌ల కంటే చాలా తక్కువ. జబ్బు తక్కువున్న చోట అందరికీ పరీక్ష పెడితే తప్పుడు పాజిటివ్‌లే ఎక్కువ దొరుకుతాయి. ముప్పై దాటినవారికి ప్రభుత్వం చేస్తున్న స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లే ఉన్నాయి, పెద్దపేగు లేదు. ఆ ప్రాధాన్యం సరైనదేనని నా అభిప్రాయం. నాగేశ్వర్ రెడ్డిగారి ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ పుణ్యమా అని హైదరాబాద్‌కు ఎండోస్కోపీలో ప్రపంచంలోనే పేరుంది. కానీ జిల్లాల్లో కొలనోస్కోపీ చేసే చేతులు కొద్ది. ఉన్న ఆ కొద్దిమంది సమయం, రక్తం పోతున్నవారికి ముందు దక్కాలా, ఏ బాధా లేనివారికా? ఇంకో సంగతి, ఫిట్ నమూనాలోని హిమోగ్లోబిన్ వేడికి చెడిపోతుంది. ఇటలీలోని ఫ్లారెన్స్‌లోనే ఎండాకాలంలో పాజిటివ్‌లు తగ్గడం గమనించారు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో కొరియర్ సంచిలో మధ్యాహ్నమంతా తిరిగిన సీసా చెప్పే నెగెటివ్‌ను నేను నమ్మను. సొంత ఇష్టంతో చేయించుకునేవాళ్లు, అందులోనూ యాభై దాటినవాళ్లు, ల్యాబుకు అదే ఉదయం తీసుకెళ్లి ఇవ్వడం మేలు. నగరాల్లోని మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో "క్యాన్సర్ మార్కర్" అంటూ సీఈఏ రక్తపరీక్ష కలిపి అమ్ముతారు. ఏ బాధా లేనివారిలో క్యాన్సర్‌ను పట్టుకోవడానికి అది పనికిరాదు. దానికి పెట్టే డబ్బు దండగ.

మనకు ముందు కావలసింది స్క్రీనింగ్ కాదు, రక్తాన్ని రక్తంగా చూడటం. ఏ బస్టాండు గోడమీద చూసినా, ఏ కరెంటు స్తంభానికి చూసినా "మొలలు, ఫిషర్, ఫిస్టులా: ఆపరేషన్ లేకుండా శాశ్వత నివారణ" బోర్డు వేలాడుతుంటుంది. మలంలో రక్తం పడగానే మొలలని మనకు మనమే తేల్చేసుకుంటాం. పథ్యం చేస్తాం, పసరు తాగుతాం, ఇంజెక్షన్ పొడిపించుకుంటాం. మన దగ్గర ఈ క్యాన్సర్ పేగు చివర పురీషనాళంలో వచ్చేవారు తక్కువేం కాదు. అలాంటి గడ్డ చాలాసార్లు డాక్టరు వేలితో చేసే పరీక్షకే అందుతుంది. ఆ వేలి పరీక్షకు సిగ్గుపడి నెలలు గడిపి, రక్తహీనతతో, సగం మూసుకుపోయిన పేగుతో ఆస్పత్రికి చేరేవాళ్లున్నారు. ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) చికిత్సకు అక్కరకొస్తుంది గానీ పోయిన నెలలను తెచ్చివ్వదు.

నా తీర్పు ఇది. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉండి, కుటుంబంలో ఈ జబ్బు లేక, ఏటా లేదా అక్కడి పద్ధతి ప్రకారం రెండేళ్లకోసారి మరిచిపోకుండా డబ్బా పంపగలిగితే, పాజిటివ్ వస్తే రెండుమూడు నెలల్లో కొలనోస్కోపీకి వెళ్లగలిగితే, ఫిట్ ఎంచుకోండి. అది తక్కువ రకం పరీక్ష కాదు. ఏటా గుర్తుపెట్టుకోవడం మీవల్ల కాదని మీకే తెలిస్తే, మంచి రేటున్న డాక్టరును వెతుక్కుని ఒకసారి కొలనోస్కోపీ చేయించుకోండి. మన ఊళ్లో ఉన్నవాళ్లకు నా మాట వేరు. రక్తం పడుతున్నా, మలవిసర్జన అలవాటు వారాల తరబడి మారినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తం తగ్గిందన్నా, అది ఏ వయసులోనైనా సరే, ఈ తూకాలన్నీ పక్కనపెట్టి ఈ వారంలోనే ఒక సర్జన్‌కో గ్యాస్ట్రో డాక్టరుకో చూపించుకోండి.